రాక్ ఇన్ ఆపోజిషన్ అంటే ఏమిటి? ఓపెన్‌కాస్ట్ గట్టు మీద విన్నవాడి జవాబు

అడిగినాయన ప్రశ్న ఇది: ఇంగ్లండ్ రాక్ బ్యాండ్లు పింక్ ఫ్లాయిడ్, యెస్, కింగ్ క్రిమ్సన్ దాకా విన్నాను. ఆ తర్వాత ఎక్కడ చూసినా 'రాక్ ఇన్ ఆపోజిషన్' అనే మాట తగులుతోంది. అది బ్యాండా, స్టైలా? రెండేళ్లు కూడా నడవని ఉద్యమం గురించి ఇంకా ఎందుకు మాట్లాడుతున్నారు?

బ్యాండ్ కాదు. స్టైల్ అని ఇప్పుడు అంటున్నారు గానీ, మొదట్లో అదీ కాదు. రికార్డు కంపెనీలకు పనికిరాని ఐదు దేశాల ఐదు బ్యాండ్లు కలిసి పెట్టుకున్న సంఘం అనుకోండి. రెండో సగానికి జవాబు చెప్పాలంటే నేను అందులో ఎలా పడ్డానో చెప్పాలి.

2011లో నేను ఫ్రాన్స్‌లో, టూలూజ్‌లో ఉన్నాను. ఆన్‌సైట్. విమానాల డ్రాయింగులు చూసే పని. నా పక్క సీట్లో యాభై దాటిన ఫ్రెంచ్ ఆయన ఉండేవాడు. నేను హెడ్‌ఫోన్స్‌లో పింక్ ఫ్లాయిడ్ వినడం చూసి, "ఇది అందరూ వింటారు, శనివారం నాతో రా" అన్నాడు. ఎక్కడికో చెప్పలేదు. ఆల్బీ మీదుగా గంటకు పైగా కారులో తీసుకెళ్లి కార్మో దగ్గర ల గారిక్ అనే చిన్న ఊళ్లో దించాడు.

కారు దిగి నేను చూసింది స్టేజీని కాదు, గుంటని. పెద్ద గుంట. మెట్లు మెట్లుగా కిందికి దిగిపోతున్న నేల. నాది గోదావరిఖని. ఆ మెట్లు ఏంటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అది ఓపెన్‌కాస్ట్, అంటే నేల పైనుంచే తవ్వుకుంటూ దిగే బొగ్గు గని. మా దగ్గరైతే చుట్టూ ఓబీ (బొగ్గు మీంచి తవ్వి తీసిన మట్టి) గుట్టలు, డంపర్ల రొద, మధ్యాహ్నం బ్లాస్టింగ్ టైముకి వంటింట్లో గిన్నెలు గలగలమనడం. ఇక్కడేమో గట్టంతా పచ్చగడ్డి. 1997లో బొగ్గు తవ్వడం ఆపేసి, తర్వాత దాన్ని పార్కు చేసేశారు. పేరు కాప్ దేకువెర్త్. 'దేకువెర్త్' అంటే ఫ్రెంచ్ బొగ్గు పనివాళ్ల మాటలో ఓపెన్‌కాస్ట్ అనే. 1892లో పెద్ద సమ్మె జరిగిన ఊరు కూడా కార్మో. సోషలిస్టు నాయకుడు జాన్ జోరెస్ పేరు దేశమంతా తెలిసింది ఆ సమ్మె వల్లే అని దారిలో ఆయన చెప్పాడు.

2007 నుంచి ఆ గుంట పక్క హాల్లో రాక్ ఇన్ ఆపోజిషన్ పేరుతో ఫెస్టివల్ పెడుతూ వచ్చారు. నేను వెళ్లిన రోజు, సెప్టెంబర్ 17న, మూడు బ్యాండ్లు ఒకేసారి స్టేజీ ఎక్కాయి: యూనివేర్ జెరో, ఆర్ట్ జోయిడ్, ప్రెజెంట్. ఒకదాని తర్వాత ఒకటి కాదు, అందరూ కలిసి. స్టేజీ నిండా మనుషులు, అటూ ఇటూ డ్రమ్స్.

నిజం చెప్తాను, మొదటి పది నిమిషాలు నాకు నచ్చలేదు. నచ్చకపోవడం కాదు, భయమేసింది. పాట ఎక్కడ మొదలైందో తెలీదు, ఎప్పుడు ఆగుతుందో తెలీదు. చిన్నప్పుడు కరీంనగర్‌లో రెండేళ్లు మృదంగం నేర్చుకున్నాను కాబట్టి అలవాటుగా తొడ మీద లెక్క వేయడం మొదలుపెట్టాను. తకిట తకధిమి, ఏడు. సరే, మిశ్రచాపు అనుకున్నాను. నాలుగు ఆవర్తనాలకి అది ఐదైంది. మళ్లీ ఏడు, మధ్యలో ఒక పదకొండు. చేయి ఆగిపోయింది.

మన కచేరీలో తాళం మారదు. మృదంగం ఎన్ని లెక్కలు వేసినా చివరికి అందరూ ఒకే చోట వచ్చి పడతారు, మనం తల ఊపుతాం. ఇక్కడ కొలతే మారిపోతూ ఉంటుంది. అందరూ కలిసే చోటు ఉంటుంది, కానీ అది మీకు ముందే తెలిసిన చోటు కాదు. ఆ సంగతి నాకు అర్థం కావడానికి అరగంట పట్టింది. అర్థమయ్యాక మాత్రం వెన్నులో ఏదో పాకింది. అప్పట్నుంచి వదల్లేదు.

ఇక అసలు కథ.

1968లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ఫ్రెడ్ ఫ్రిత్, టిమ్ హాడ్జ్‌కిన్సన్ అనే ఇద్దరు స్టూడెంట్లు హెన్రీ కౌ అనే బ్యాండ్ పెట్టారు. (హెన్రీ కావెల్ అనే అమెరికన్ కంపోజర్ పేరు మీద పెట్టారని చాలామంది రాస్తారు. బ్యాండ్ వాళ్లు కాదన్నారు.) 1971లో డ్రమ్మర్ క్రిస్ కట్లర్ చేరాడు. ఈ మనిషి పేరు గుర్తుపెట్టుకోండి. 1973లో వర్జిన్ రికార్డ్స్ వాళ్లను తీసుకుంది. అదే ఏడు వర్జిన్‌కి మైక్ ఓల్డ్‌ఫీల్డ్ ఆల్బమ్ 'ట్యూబులర్ బెల్స్' రూపంలో జాక్‌పాట్ తగిలింది. చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడు ఇలాంటి వింత బ్యాండ్లను పోషించడానికి ఏ కంపెనీకైనా ఇబ్బంది ఉండదు. మొదటి మూడు ఆల్బమ్‌ల అట్టల మీద రే స్మిత్ చేసిన అల్లిక సాక్సు బొమ్మలుంటాయి. పాత రికార్డుల షాపుల్లో ఆ సాక్సు చూసే చాలామంది గుర్తుపడతారు.

తర్వాత పంక్ వచ్చింది. 1977లో వర్జిన్ సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండ్‌తో సంతకాలు చేయించుకుంది. హెన్రీ కౌ మీద ఆసక్తి అప్పటికే పోయింది. ఇంగ్లండ్‌లో వినేవాళ్లు తక్కువ కాబట్టి వీళ్లు బస్సేసుకుని యూరప్ అంతా తిరిగారు. ఇటలీలో కమ్యూనిస్టు పార్టీ పండుగల్లో వేల మంది ముందు వాయించారు. అలా తిరుగుతుంటే, ఎక్కడికక్కడ తమలాంటి బ్యాండ్లు కనబడ్డాయి. స్వీడన్‌లో సామ్లా మమ్మాస్ మన్నా, బెల్జియంలో యూనివేర్ జెరో, ఇటలీలో స్టార్మీ సిక్స్, ఫ్రాన్స్‌లో ఎట్రాన్ ఫూ లెలూబ్లాన్. అందరిదీ ఒకే కష్టం. సొంత దేశం దాటితే రికార్డు దొరకదు, కచేరీ దొరకదు. అప్పట్లో రాక్ అంటే లండన్, న్యూయార్క్. స్వీడిష్‌లో పాడే బ్యాండ్‌ని అక్కడ ఎవరు అడుగుతారు?

1978 మార్చి 12న ఈ ఐదు బ్యాండ్లనీ లండన్‌లోని న్యూ లండన్ థియేటర్‌కి పిలిపించి వాయింపించారు. కళలకు ప్రభుత్వ డబ్బు ఇచ్చే ఆర్ట్స్ కౌన్సిల్ నుంచి వెయ్యి పౌండ్ల గ్రాంటు సంపాదించారు. 'రికార్డు కంపెనీలు మీరు వినకూడదనుకునే సంగీతం' అన్నది ఆ రోజు నినాదం. కొంచెం అతి, కానీ పోస్టర్ మీద అతి లేకపోతే ఎవరు చూస్తారు?

ఆ డిసెంబర్‌లో స్విట్జర్లాండ్‌లో కూర్చుని దాన్ని పద్ధతిగా సంఘం చేశారు. ఆర్ట్ బేర్స్, ఆక్సాక్ మబూల్, ఆర్ట్ జోయిడ్ కొత్తగా చేరాయి. చేరడానికి మూడు షరతులు పెట్టుకున్నారు. సంగీతం నాణ్యంగా ఉండాలి. వ్యాపార కంపెనీల బయట పనిచేస్తుండాలి. రాక్ పట్ల సామాజిక బాధ్యత ఉండాలి. గమనించండి, 'ఇలా వాయించాలి' అన్న షరతు ఒక్కటీ లేదు. తమాషా ఏంటంటే, ఈ సమావేశం నాటికి హెన్రీ కౌ విడిపోయింది. పందిరి వేసినవాళ్లే పెళ్లికి లేరు. 1979లో మిలాన్‌లో స్టార్మీ సిక్స్ పూనుకుని ఇంకో ఫెస్టివల్ చేసింది, తర్వాత ఒకటి రెండు చోట్ల జరిగాయి. అంతే, సంఘం ఎవరూ తాళం వేయకుండానే మూతపడింది.

మరి మిగిలింది ఏమిటి? నా లెక్కలో మిగిలింది సౌండ్ కంటే ఎక్కువగా సరుకు చేరే దారి. క్రిస్ కట్లర్ 1978లోనే రికమెండెడ్ రికార్డ్స్ అని మొదలుపెట్టాడు. ఈ బ్యాండ్ల రికార్డులు తెప్పించి పోస్టులో పంపేవాడు. వాళ్లవే కాదు, దొరకడం మానేసిన ఫౌస్ట్ అనే జర్మన్ బ్యాండ్ పాత ఆల్బమ్‌లు కూడా మళ్లీ వేశాడు. ఆక్సాక్ మబూల్ పెట్టిన మార్క్ హొలాండర్ 1980లో బ్రసెల్స్‌లో క్రామ్డ్ డిస్క్స్ మొదలుపెట్టాడు. కాంగోలో పాత కారు సామాన్లతో మైకులు చేసుకుని వాయించే కోనోనో నంబర్ వన్ బ్యాండ్ పేరు మీరు విని ఉంటే, వాళ్లను బయటి ప్రపంచానికి చేర్చింది ఆ కంపెనీయే. అమెరికాలో మేరీల్యాండ్‌లో 1984లో వచ్చిన క్యూనిఫామ్ రికార్డ్స్ యూనివేర్ జెరో ఆల్బమ్‌లను ఇప్పటికీ దొరికేలా ఉంచింది. ఫ్రెడ్ ఫ్రిత్ న్యూయార్క్ వెళ్లి జాన్ జోర్న్ బ్యాండ్ నేకెడ్ సిటీలో బేస్ వాయించాడు, తర్వాత చాలా ఏళ్లు కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో మిల్స్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. అదే ఓక్‌లాండ్ నుంచి వచ్చిన స్లీపీటైమ్ గొరిల్లా మ్యూజియం అనే బ్యాండ్‌ని వింటే ఆ గాలి సోకిందని నాకైతే వెంటనే తెలిసిపోతుంది.

ఆ దారి ఎలా ఉంటుందో నేను ఆ శనివారమే చూశాను. హాలు బయట బల్లల మీద సీడీలు, ఎల్పీలు పరిచి అమ్ముతున్నారు. బల్ల వెనక ఉన్నవాళ్లలో కొందరు వాయించేవాళ్లే. నేను రెండు సీడీలు తీసుకుని కార్డు ఇచ్చాను. మెషీన్ లేదు. జేబులో పదిహేను యూరోలే ఉన్నాయి. సీడీలు తిరిగి పెట్టేయబోతుంటే అమ్మే ఆయన ఒక కాగితం ముక్క మీద అడ్రస్ రాసి, "తీసుకెళ్లు, మిగతావి పోస్టులో పంపు" అన్నాడు. నా పేరు కూడా అడగలేదు. మా ఊరి కిరాణా షాపులో ఖాతా పుస్తకం ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. సోమవారం లంచ్‌లో వెళ్లి కవర్లో నోట్లు పెట్టి పంపాను. పోస్టులో డబ్బు పెట్టకూడదని తర్వాత ఆఫీసులో నవ్వారు. మూడు వారాలకి ఒక కేటలాగ్ వచ్చింది, దాని మీద చేత్తో 'మెర్సీ' (థాంక్స్) అని రాసి ఉంది. నా వినికిడి మిగతా సగం ఆ కేటలాగ్ నుంచే వచ్చింది.

ఒక విమర్శ కూడా చెప్పాలి, లేకపోతే ఇది భజన అవుతుంది. వీళ్లలో చాలామంది వామపక్షం వాళ్లు. శ్రామికుల గురించి పాడారు. కానీ ఆ పాటలు శ్రామికుడు విని పాడుకునేలా ఉంటాయా? నేను బొగ్గు బాయి కాలనీలో పెరిగిన మనిషిని. మా దగ్గర సభల్లో పాట అంటే డప్పు, గొంగడి, ఒకసారి వింటే నోటికి వచ్చే పల్లవి. హెన్రీ కౌ పాటని పల్లవి కోసం వెతికితే సాయంత్రం అవుతుంది. కొత్త మాట చెప్పడానికి పాత ట్యూన్ పనికిరాదని వాళ్ల వాదన. నాకు సగమే ఒప్పుతుంది. స్టార్మీ సిక్స్ మాత్రం ఈ రెండిటి మధ్య ఎక్కడో నిలబడింది, ఇటాలియన్ రాకపోయినా కలిసి పాడబుద్ధేస్తుంది. మాటలు పక్కన పెట్టి చేతల్లో చూస్తే హెన్రీ కౌ నిజాయితీ కనిపిస్తుంది. ఒక దశలో ఆరుగురిలో ముగ్గురు ఆడవాళ్లు: బసూన్, ఓబో వాయించే లిండ్సే కూపర్, పాడే డాగ్మార్ క్రౌజె, బేస్, చెల్లో వాయించే జార్జినా బోర్న్. 1970లలో రాక్ బ్యాండ్‌లో ఆడవాళ్లంటే ఎక్కువగా మైకు ముందే. వాద్యం పట్టుకుని, సంగీతం రాసి, డబ్బు లెక్కల్లో కూడా సమానంగా కూర్చోవడం వేరే సంగతి.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? ఫ్రెడ్ ఫ్రిత్ 'గ్రావిటీ', 1980. చప్పట్లు, డాన్సు తాళాలు, ఒక వైపంతా సామ్లా వాళ్లతో చేసింది. నవ్వుతూ వినొచ్చు. తర్వాత హెన్రీ కౌ చివరి ఆల్బమ్ 'వెస్టర్న్ కల్చర్'. పాట లేదు, అంతా వాద్యమే. ఒక వైపు హాడ్జ్‌కిన్సన్ రాసింది, రెండో వైపు కూపర్ రాసింది. నాకు కూపర్ వైపే ఇష్టం. యూనివేర్ జెరో 'హెరెసీ' చివరికి ఉంచండి. మొదటి ట్రాకే ఇరవై ఐదు నిమిషాలు. అందులో హార్మోనియం వినిపిస్తుంది. మా కాలనీ హనుమాన్ గుడిలో శనివారం భజనకి వాయించిన వాద్యమే, కానీ ఇక్కడ అది అర్ధరాత్రి తలుపు తీసిన చప్పుడులా ఉంటుంది. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక స్పీకర్లో పెట్టకండి. నేను పెట్టాను. మా ఆవిడ లేచి వచ్చి "ఎవరు పోయారు?" అంది.

ఫెస్టివల్ రోజు రాత్రి ఆ గుంట గట్టు మీద నిలబడి మా బాపుకి ఫోన్ చేశాను. ముప్పై ఏళ్లు ఓసీపీలో, అంటే ఓపెన్‌కాస్ట్ గనిలో, పనిచేసిన మనిషి. పాటల గురించి ఎంత చెప్పినా ఊఁ కొట్టాడు. పాత ఓపెన్‌కాస్ట్ పక్కన ఉన్నానంటే మాత్రం గొంతు మారింది. "బొగ్గు ఒడిసిందా, ఉండంగనే బంద్ జేసిండ్రా?" అన్నాడు. తెలీదన్నాను. "అడుగు," అన్నాడు.

పోయిన దసరాకి ఊరెళ్లినప్పుడు లార్స్ హోల్మర్ వినిపించాను. సామ్లా బ్యాండ్‌లో అకార్డియన్ వాయించినాయన, 2008లో చనిపోయాడు. బాపు రెండు పాటలు కదలకుండా విన్నాడు. తర్వాత, ఇది కూడా ఆ గుంట కాడ విన్నదేనా అని అడిగాడు. కాదు, అదే కులపోళ్లది అన్నాను. "ఇది మంచిగున్నది. ఇదే మళ్ల వెట్టు," అన్నాడు.