క్రూయిజ్‌లో రాత్రి భోజనానికి మొదటి బంతి దొరకాలంటే

ప్రశ్న: అక్కా, మేం డాలస్‌లో ఉంటాం. స్ప్రింగ్ బ్రేక్‌కి గాల్వెస్టన్ నుంచి 7 రాత్రుల క్రూయిజ్ బుక్ చేశాం. ఇండియా నుంచి వస్తున్న అత్తయ్యగారు, మామయ్యగారు, మా ఇద్దరు చిన్న పిల్లలు, ఆడపడుచు వాళ్ల కుటుంబం, అందరికీ కలిపి మూడు రూములు. రాత్రి భోజనానికి 8:15 ఇచ్చారు. 5:30 కావాలంటే వెయిట్‌లిస్ట్‌లో పెట్టాం అన్నారు. మామయ్యగారికి షుగర్, ఇన్సులిన్ తీసుకుంటారు. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. మాకిదే మొదటిసారి. వెయిట్‌లిస్ట్‌ని నమ్ముకోవచ్చా?

జవాబు: నమ్ముకోవచ్చు చెల్లీ, కానీ దాన్నే నమ్ముకుని ఊరికే కూర్చోవద్దు. మీ ఇంటి పరిస్థితికి 5:30 కోసం గట్టిగా ప్రయత్నించాల్సిందే, ఓడ ఎక్కే రోజు దాకా దానికి దారులున్నాయి.

ముందు అసలు సంగతి చెప్తాను. ఓడలో వేల మంది ఉంటారు, పెద్ద డైనింగ్ హాల్లో అందరూ ఒకేసారి పట్టరు కాబట్టి మన పెళ్లిళ్లలో లాగే మొదటి బంతి, రెండో బంతి అని రెండుసార్లు వడ్డిస్తారు. మొదటిది 5:30 ప్రాంతంలో, రెండోది 8 దాటాక, ఓడను బట్టి అరగంట అటూ ఇటూ. ఈ పద్ధతిలో మీకు రోజూ అదే టేబుల్, అదే వెయిటర్, అదే సమయం. ఇక్కడి వాళ్లు రాత్రి భోజనం పెందలాడే చేస్తారు కదా, పిల్లలున్న కుటుంబాలూ రిటైరైన పెద్దవాళ్లూ అందరూ మొదటి బంతే అడుగుతారు, అందుకే స్కూలు సెలవుల్లో అది ముందే నిండిపోతుంది. ధర తగ్గుతుందేమో చూద్దాం అని ఆగి చివర్లో బుక్ చేసిన వాళ్లకి మిగిలేది రెండోదే.

మనవాళ్లు చాలామంది 'ఇంట్లో తినేది ఎలాగూ ఎనిమిదిన్నరకే కదా, 8:15 అయితే ఏమైంది' అనుకుని వదిలేస్తారు. పిల్లలు లేని జంటలకి నేనూ అదే చెప్తాను, హాయిగా సూర్యాస్తమయం చూసి, షో చూసి, తీరిగ్గా తినొచ్చు. మీకు మాత్రం వద్దు. అక్కడ భోజనం అంటే కూర్చోగానే కంచంలో అన్నీ పడవు. బ్రెడ్డు, తర్వాత సూప్ లాంటివి, తర్వాత అసలు వంటకం, ఆఖర్న స్వీటు, మధ్యలో ఎదురుచూపులు, మొత్తం గంటన్నర పడుతుంది. తొమ్మిదింటికి మీ చిన్నవాడు టేబుల్ మీదే నిద్రపోతాడు. అత్తయ్యగారు వాళ్లు ఇండియా నుంచి వచ్చి ఎక్కువ రోజులు కాకపోతే జెట్‌లాగ్‌తో సాయంత్రం ఏడుకే కళ్లు మూతలు పడుతుంటాయి, వాళ్లని 8:15 దాకా మేలుకోబెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇన్సులిన్ విషయం ఇంకా ముఖ్యం. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ అయితే, ఆయన అలవాటు కొద్దీ రూములోనే ఇంజెక్షన్ చేసుకుని బయల్దేరితే, లిఫ్టు కోసం ఆగి, హాలు దగ్గర లైన్లో నిలబడి, ఆర్డరిచ్చి, వంటకం వచ్చేసరికి ముప్పావు గంట గడిచిపోవచ్చు. ఈలోగా షుగర్ పడిపోతే? వడ్డన ఇలా విడతలుగా ఉంటుందని ఆయన డాక్టర్‌కి వివరించి, ఎప్పుడు వేసుకోవాలో ముందే అడిగి పెట్టుకోండి. జేబులో గ్లూకోజ్ బిళ్లలో, బిస్కెట్లో ఉండాలి. ఈ ఒక్క విషయం చివరికి వదిలేయకండి.

ఇప్పుడు చేయాల్సిన పని. మీరు కంపెనీ దగ్గరే నేరుగా బుక్ చేశారా, ఏజెంట్ ద్వారానా? కాస్ట్‌కో ట్రావెల్ లాంటి చోట చేసుంటే ఓడ కంపెనీకి ఫోన్ చేసినా మార్చరు, మీ ఏజెంట్‌నే అడగండి అంటారు. ఎవరితో బుక్ చేస్తే వాళ్లతోనే మాట్లాడాలి. ఆ ఫోన్‌లో మూడు సంగతులు అడగండి. ఒకటి, మూడు రూముల బుకింగులూ ఒకదానికొకటి లింక్ అయ్యాయా అని. మీ రూము మీరూ, ఆడపడుచు వాళ్ల రూము వాళ్లూ విడివిడిగా బుక్ చేసుకుంటే కంప్యూటర్‌కి మీరు ఒకే కుటుంబమని తెలియదు, ఒకరికి 5:30 వచ్చి ఇంకొకరికి 8:15 ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో. రెండు, మూడు రూములూ వెయిట్‌లిస్ట్‌లో ఉన్నాయా, లేక మీదొక్కటేనా. మూడు, ఇన్సులిన్ సంగతి చెప్పి భోజన సమయం ఆరోగ్య కారణంతో అడుగుతున్నామని బుకింగులో రాయించడం. ప్రతి పెద్ద కంపెనీకీ స్పెషల్ నీడ్స్ విభాగం ఉంటుంది, వాళ్లకి ఒక ఈమెయిల్ కూడా పెట్టండి, ఆ కాపీ ఫోన్‌లో ఉంచుకోండి. ఓడలో ఇది పనికొస్తుంది.

వెయిట్‌లిస్ట్ ఎప్పుడు కదులుతుందంటే, ఎక్కువగా ఫైనల్ పేమెంట్ గడువు దగ్గర. వారం రోజుల ప్రయాణాలకి అది సాధారణంగా బయల్దేరడానికి 90 రోజుల ముందు. ఆ గడువు దాటితే రద్దు చేసినా డబ్బు పూర్తిగా రాదు కాబట్టి మనసు మార్చుకున్న వాళ్లు అప్పుడే తప్పుకుంటారు, వాళ్ల సీట్లు వెయిట్‌లిస్ట్ వాళ్లకి వస్తాయి. ఆ వారంలో ఒకసారి, తర్వాత నెలకోసారి ఫోన్ చేసి కనుక్కోండి. కన్ఫర్మ్ అయినా వాళ్లు ప్రత్యేకంగా చెప్పకపోవచ్చు, యాప్‌లో మీరే చూసుకోవాలి.

ఇంకో దారి, ఎప్పుడైనా వచ్చి తినే పద్ధతి. దీన్ని రాయల్ కరీబియన్ అనే ఓడ కంపెనీలో మై టైమ్ అంటారు, కార్నివాల్ అనే కంపెనీలో యువర్ టైమ్. వెయిట్‌లిస్ట్ అన్నప్పుడు ఫోన్‌లో వాళ్లు వెంటనే దీనికి మారమంటారు. మారే ముందు తేడా తెలుసుకోండి. రాయల్‌లో అయితే ఆన్‌లైన్‌లో ముందే ప్రతి రాత్రికీ సమయం రిజర్వ్ చేసుకోవచ్చు, రోజూ 5:45 అని పెట్టుకుంటే దాదాపు మొదటి బంతి లాగే ఉంటుంది, అదే వెయిటర్ సెక్షన్ కావాలని అడిగితే చాలాసార్లు ఇస్తారు కూడా. కార్నివాల్‌లో ముందస్తు రిజర్వేషన్ లేదు, తినాలనుకున్నప్పుడు వాళ్ల హబ్ యాప్‌లో చెక్ ఇన్ అయితే టేబుల్ ఖాళీ కాగానే కబురు వస్తుంది. ఇద్దరు ముగ్గురికి అది సులువే, మీ అంత మందికి కలిపి పెద్ద టేబుల్ కావాలంటే ఎదురుచూడాల్సి రావచ్చు, పైగా రోజూ కొత్త వెయిటర్. కాబట్టి నా మాట, రాయల్ అయితే మై టైమ్‌కి మారి రిజర్వేషన్లు చేసేసుకోండి, కార్నివాల్ అయితే 8:15 వదులుకోకుండా వెయిట్‌లిస్ట్‌లోనే ఉండి ఓడ ఎక్కాక అడగండి.

వెయిటర్ మారకూడదని ఎందుకంత పట్టుబడుతున్నానంటే, అత్తయ్యగారి కోసం. మొదటి రాత్రి టేబుల్ దగ్గరే స్పష్టంగా చెప్పాలి, మాంసం చేప గుడ్డు ఏవీ వద్దు, సూప్‌లో చికెన్ నీళ్లు కూడా ఉండకూడదు అని. ఉత్త వెజిటేరియన్ అంటే సరిపోదు, గుడ్డు ఫరవాలేదనుకుంటారు. రోజూ అదే మనిషి అయితే ఇది ఒక్కసారి చెప్తే చాలు, రెండో రోజు నుంచి ఆవిడ కూర్చునేసరికి పచ్చిమిరపకాయలు టేబుల్ మీద ఉంటాయి. హెడ్ వెయిటర్ రేపటి మెనూ ఈ రాత్రే తెచ్చి చూపిస్తారు, అందులో ఏది గుడ్డు లేకుండా చేయాలో ముందే చెప్పొచ్చు. కార్నివాల్‌లో అయితే మెనూలో కనపడకపోయినా అడిగితే ప్రతి రాత్రీ ఇండియన్ వెజిటేరియన్ భోజనం పెడతారు, పప్పు, కూర, అన్నం. చాలా ఓడల్లో వంటవాళ్లు, వెయిటర్లలో మనదేశం వాళ్లుంటారు, మన పెద్దవాళ్లని చూస్తే ఎంతో ఆప్యాయంగా చూసుకుంటారు. రోజుకో వెయిటర్ అయితే ఈ కథంతా రోజూ మొదటి నుంచీ చెప్పాలి, అత్తయ్యగారు మొహమాటపడి సలాడ్‌తో లేచిపోతారు. అదే నాకు బాధ.

ఇక ఓడ ఎక్కే రోజు. ఆన్‌లైన్ చెక్ ఇన్ తెరుచుకోగానే, కార్నివాల్‌లో 14 రోజుల ముందు, రాయల్‌లో 45 రోజుల ముందు, అన్నిటికంటే ముందున్న టైమ్ స్లాట్ తీసుకోండి. మీ గది కార్డు మీద, లేదా యాప్‌లో, భోజన సమయం, హాలు పేరు, టేబుల్ నంబరు ఉంటాయి. అది 8:15 అనే ఉంటే బఫే వైపూ స్విమ్మింగ్ పూల్ వైపూ వెళ్లకుండా ముందు డైనింగ్ హాల్ వాళ్లని పట్టుకోండి. ఆ మధ్యాహ్నం హాల్ మేనేజర్, మేటర్ డీ అంటారు, ఇలాంటి మార్పుల కోసమే ఒక చోట కూర్చుంటారు. ఎక్కడ, ఏ టైమ్‌కి అన్నది యాప్‌లో ఉంటుంది, లేకపోతే గెస్ట్ సర్వీసెస్‌లో అడిగితే చెప్తారు. మీ ఆయన వెళ్తే మూడు రూముల నంబర్లూ, అందరి కార్డుల ఫొటోలూ, ఆ ఈమెయిలూ పట్టుకెళ్లాలి. మామయ్యగారు నడవగలిగితే ఆయన్నీ తీసుకెళ్లడం మంచిది. ఇంతమందిమి, ఇన్సులిన్ తీసుకునే పెద్దాయన, ఇంత వయసు పిల్లలు, ఒకే టేబుల్ దొరక్కపోతే పక్కపక్క రెండు టేబుళ్లయినా చాలు అని చెప్పండి. ఆ చివరి మాట చాలా పని చేస్తుంది, పది మందికి ఒకే పెద్ద టేబుల్ దొరకడం కష్టం, రెండు చిన్నవి తేలిక. చేతిలో డబ్బు పెట్టాల్సిన అవసరమేం లేదు, మర్యాదగా అడిగితే చాలు.

ఆరోజు కుదరదంటే నిరాశపడకండి. మొదటి రాత్రి గడిచాక ఎవరు రాలేదో, ఏ టేబుళ్లు ఖాళీగా ఉన్నాయో వాళ్లకి తెలుస్తుంది, స్పెషల్ రెస్టారెంట్లకి పోయేవాళ్లూ, బఫేలోనే తినేవాళ్లూ ఎప్పుడూ కొందరుంటారు. రెండో రోజు మళ్లీ వెళ్లి అడగండి, అప్పుడు దొరికిన వాళ్లు చాలామంది. ఆ ఒక్క రాత్రికి పెద్దవాళ్లకీ పిల్లలకీ ఆరింటికి బఫేలో పెట్టేయండి. అక్కడ అన్నం, ఏదో ఒక ఇండియన్ కూర సాధారణంగా ఉంటాయి.

5:30 దొరికితే దాని ఇబ్బందులూ దానికున్నాయి. రేవులో దిగిన రోజు నాలుగున్నరకల్లా వెనక్కి రావాలి, లేకపోతే స్నానం కూడా చేయకుండా పరిగెత్తాలి. కోజుమెల్ లాంటి చోట ఫోన్ సొంతంగా టైమ్ మార్చేసుకోవచ్చు, మీరు వెళ్లేది మార్చి కాబట్టి అమెరికా గడియారాలు మారే వారం కూడా అదే కావచ్చు, అందుకని ఓడ టైమ్‌నే చూసుకోండి. పదింటికి మామయ్యగారికి ఆకలేస్తే ఏదైనా తినడానికి దొరుకుతుంది, భయం లేదు. బాగా ముస్తాబై భోజనానికి రావాల్సిన రాత్రిని ఫార్మల్ నైట్ అంటారు, దానికి పట్టుచీర, కుర్తా పైజమా బ్రహ్మాండంగా సరిపోతాయి, కోటు కొనక్కర్లేదు.

ఇది చదివే మిగతా వాళ్లకి ఒక్క మాట, నార్వీజియన్ అనే కంపెనీ ఓడల్లో ఈ బంతుల పద్ధతే లేదు, ఇష్టమొచ్చినప్పుడు వెళ్లి తినడమే. డిస్నీలో బంతులు రెండున్నాయి కానీ రోజుకో హాలు, వెయిటర్లు మాత్రం మీతోపాటే హాలు మారతారు, శాకాహారులకి ఇది చాలా బాగుంటుంది. మెడిటరేనియన్ వైపు వెళ్తే సమయాలు ఇక్కడికంటే ఆలస్యంగా ఉంటాయి, బుక్ చేసేటప్పుడే కనుక్కోండి.

ఒకవేళ సీటు మారిందని చెప్తే, అక్కడి నుంచి కదిలే ముందు మూడు రూములకీ మార్చారా అని అడిగి, ముగ్గురి యాప్‌ల్లోనూ కొత్త టేబుల్ నంబరు వచ్చిందో లేదో చూసుకుని రమ్మని మీ ఆయనకి చెప్పు.