టెక్ సందేహాలు: హెల్మెట్‌లో నీలి లైట్లు ఎందుకు వెలగడం లేదు?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా పాప స్కూల్లో సైన్స్ నాటకం కోసం పేపరు గుజ్జుతో వ్యోమగామి హెల్మెట్ చేశాను. ముఖం చుట్టూ ఎర్రవి, నీలివి కలిపి 12 ఎల్‌ఈడీలు పెట్టాను. అన్నిటికీ కలిపి ఒకే రెసిస్టర్, 9 వోల్టుల బ్యాటరీ. ఎర్రవే వెలుగుతున్నాయి. గంట తిరక్కుండా అవీ మసకబారుతున్నాయి. ఇంకా పవర్ ఉన్న ఎల్‌ఈడీలు కొనాలా? లైట్లు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తేలా చేయొచ్చా?

జవాబు: ఇంకా పవర్ ఉన్నవి కొంటే బ్యాటరీ ఇంకా తొందరగా అయిపోతుందండీ. లోపం ఎల్‌ఈడీల్లో లేదు, వాటికి కరెంట్ అందే తీరులో ఉంది. ఎర్ర ఎల్‌ఈడీ దాదాపు 2 వోల్టులకే వెలుగుతుంది. నీలి దానికి 3 వోల్టుల దాకా కావాలి. అన్నీ ఒకే రెసిస్టర్ మీద పక్కపక్కన కలిపితే ఎర్రవి వోల్టేజీని 2 దగ్గరే పట్టి ఉంచేస్తాయి, నీలివాటి వంతు రాదు. నమ్మకం కుదరకపోతే ఎర్రవాటి వైర్లు ఊడదీసి చూడండి, నీలివి వెంటనే వెలుగుతాయి. చూడగానే బ్యాటరీ తీసేయండి, ఆ ఒక్క రెసిస్టర్‌తో ఎక్కువసేపు ఉంచొద్దు.

ఇక బ్యాటరీ. ఆ 9 వోల్టుల డబ్బాలో చిన్న చిన్న సెల్స్ ఆరు ఉంటాయి. గోడ గడియారానికో, రిమోట్‌కో సరిపడే కొద్దిపాటి కరెంటే ఇవి ఎక్కువ కాలం ఇవ్వగలవు. దాని బదులు మంచి రకం పవర్ బ్యాంక్ వాడండి. 5 వోల్టులు వస్తాయి, ఛార్జింగ్, షార్ట్ సర్క్యూట్ రక్షణ అందులోనే ఉంటాయి. ఎర్ర ఎల్‌ఈడీ ఒక్కోదానికి 220 ఓమ్‌ల రెసిస్టర్, నీలి దానికి 150 ఓమ్‌లది విడివిడిగా పెట్టండి. అప్పుడు పన్నెండూ కలిసి 170 మిల్లీ ఆంపియర్లు కూడా దాటవు.

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన లిథియం సెల్స్ వాడమని ఎవరైనా చెబితే వినొద్దు. పేపరు గుజ్జు అంటుకునే వస్తువు, లోపల ఉండేది పాప తల. పవర్ బ్యాంక్‌ను కూడా హెల్మెట్‌లో పెట్టకండి. నడుముకు కట్టి, కేబుల్‌ను వీపు మీదుగా పైకి తీసుకురండి. మెడ మీద బరువూ తగ్గుతుంది.

పరుగెత్తే లైట్లకు డబ్ల్యూఎస్2812బి అనే 5 వోల్టుల స్ట్రిప్ (ఒక్కో లైటునూ విడిగా నడిపించగల ఎల్‌ఈడీ పట్టీ), ఒక ఆర్డుయినో నానో (ప్రోగ్రాం రాసి లైట్లను నడిపించే చిన్న బోర్డు) కావాలి. స్ట్రిప్‌లో ఒక్కో ఎల్‌ఈడీ పూర్తి తెలుపులో 60 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. 24 పెడితే దాదాపు ఒకటిన్నర ఆంపియర్, కాబట్టి 2 ఆంపియర్ల పవర్ బ్యాంక్ చూసుకోండి. నానో ప్రోగ్రాంలో వాడుకునే ఫాస్ట్‌ఎల్‌ఈడీ అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీలో మొత్తం కరెంట్‌కు పరిమితి పెట్టుకోవచ్చు, తప్పక పెట్టండి. స్ట్రిప్ మీద బాణం గుర్తు ఉంటుంది, నానో నుంచి ఆదేశాలు తెచ్చే డేటా వైరు ఆ బాణం మొదలయ్యే వైపే కలపాలి. డేటా వైరులో 330 ఓమ్‌ల రెసిస్టర్, 5 వోల్టుల వైరుకూ గ్రౌండ్ (మైనస్) వైరుకూ మధ్య 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. స్ట్రిప్, నానో రెండిటి గ్రౌండూ ఒకటే కావాలి.

స్టేజీ మీద ఒక ఇబ్బంది రావచ్చు. కరెంట్ వాడకం బాగా తగ్గితే, ఫోన్ తీసేశారనుకుని చాలా పవర్ బ్యాంకులు వాటంతట అవే ఆగిపోతాయి. చీకటి సీన్ వచ్చి లైట్లన్నీ ఆర్పారంటే తర్వాత వెలగవు. అందుకని చెవుల దగ్గర నాలుగైదు లైట్లు నీలంగా వెలుగుతూనే ఉండేలా ప్రోగ్రాం రాయండి. ఎన్ని సరిపోతాయో మీ పవర్ బ్యాంక్‌తో ఇంట్లోనే చూసుకోవాలి.

ఎల్‌ఈడీలు చుక్కల్లా కనబడకుండా పైన బటర్ పేపర్ అంటించండి. మీ ఊరు కొమ్ము బొమ్మలకు పేరుపడింది కదా, పలచగా అరగదీసిన కొమ్ము ముక్క దొరికితే అది కూడా ప్రయత్నించండి. గాజు ఖరీదైన రోజుల్లో యూరప్‌లో లాంతర్లకు అదే బిగించేవారు. లేత రంగు కొమ్ములోంచి వచ్చే వెలుగు తేనె రంగులో ఉంటుంది, ప్లాస్టిక్‌తో అది రాదు.

పాప తలకు పెట్టే ముందు అన్ని లైట్లూ వేసి గంటసేపు బల్ల మీద ఉంచండి. తర్వాత స్ట్రిప్‌నూ, ప్రతి అతుకునూ వేలితో తాకండి. అతుకు వేడిగా తగిలితే దాన్ని విప్పి మళ్లీ సోల్డర్ చేయండి, స్ట్రిప్ వేడెక్కితే కరెంట్ పరిమితి ఇంకా తగ్గించండి.