అత్యవసర నిధిని టికెట్లలో కలిపేయకండి

ప్రశ్న: ఉద్యోగం మానేసి ఎనిమిది నెలల పాటు బ్యాక్‌ప్యాకింగ్ చేస్తూ ఏడు దేశాలు తిరగాలనుకుంటున్నాను. మొత్తం ఖర్చులో 60 శాతం దాచాను. అత్యవసర నిధి కూడా కలిపితే 75 శాతం అవుతుంది. మిగతా 25 శాతానికి 14 శాతం వడ్డీతో 24 నెలల పర్సనల్ లోన్ తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మీ లెక్క తిరుగు విమానం దిగిన రోజుతో ఆగిపోయింది. ఖర్చులు ఆ రోజుతో ఆగవు. ఇలాంటి ప్రయాణాలకు సిద్ధమయ్యేవాళ్లలో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ముందు అప్పు సంగతి. మీరు చెప్పిన వడ్డీకి, గడువుకి ప్రతి వందకూ నెలకు సుమారు 4.80 ఈఎంఐ పడుతుంది. జీతం రాని ఎనిమిది నెలల్లోనే 38కి పైగా కట్టాలి. అంటే తెచ్చిన వందలో ప్రయాణానికి మిగిలేది 62 లోపే. ప్రాసెసింగ్ ఫీజు పోతే ఇంకా తగ్గుతుంది. 25 శాతం లోటు పూడ్చాలంటే నిజానికి 40 శాతం పైగా అప్పు చేయాలి. ఈఎంఐ కట్టడానికే అప్పు తెచ్చుకోవడమన్నమాట! తిరిగొచ్చాక ఉద్యోగం దొరకడానికి మూడు నెలలు పడితే మరో 14 చేతి నుంచి పెట్టుకోవాలి. ‘జీతం స్లిప్పులు ఉండగానే లోన్ తీసుకుని, తర్వాత రాజీనామా చెయ్’ అని సలహా ఇచ్చేవాళ్లు ఆ ఈఎంఐలు కట్టరు. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం ఇంకా దారుణం. దానికి వడ్డీ లేని గడువు వర్తించదు, తీసిన రోజు నుంచే మీటరు తిరుగుతుంది.

ఇక అత్యవసర నిధి. దాన్ని ప్రయాణ బడ్జెట్‌లో కలిపితే అది అత్యవసర నిధి కాదు, ఖర్చయిపోయే డబ్బే. దీర్ఘ ప్రయాణానికి ఈ నిధి మామూలుకన్నా ఎక్కువే ఉండాలి, తక్కువ కాదు. రెండు భాగాలుగా పెట్టుకోండి. మొదటిది, మీ రూట్‌లో అత్యంత దూరమైన చోటి నుంచి అప్పటికప్పుడు కొనే తిరుగు టికెట్ ధర, రెండు వారాల బస, ఆసుపత్రి డిపాజిట్. బీమా ఉంది కదా, డిపాజిట్ ఎందుకంటారేమో. బీమా కంపెనీ నుంచి చెల్లింపు హామీ వచ్చేలోపు ముందుగా డబ్బు కట్టమనే ప్రైవేటు ఆసుపత్రులు చాలా ఉన్నాయి. చిన్న చికిత్సలకైతే మీరే కట్టి, బిల్లులు పంపి, తర్వాత రాబట్టుకోవాలి. రెండో భాగం, తిరిగొచ్చాక కనీసం నాలుగు నెలల ఇంటి ఖర్చు. ఈ రెండూ పక్కన పెట్టాక మిగిలినదే మీ ప్రయాణ బడ్జెట్.

బీమా విషయంలో ధర కాదు, మినహాయింపుల పేజీ చదవండి. ఒక్కో ప్రయాణానికి గరిష్ఠంగా ఎన్ని రోజులో చూడండి. ఏడాది పొడవునా ఉండే మల్టీ ట్రిప్ పాలసీల్లో కొన్ని ఒక్కో ట్రిప్‌కు 30 లేదా 45 రోజులకే పరిమితం. బయల్దేరాక కొనడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు. మధ్యలో కొత్త పాలసీకి మారితే, అప్పటికే వచ్చిన జబ్బును పాత జబ్బు కింద తోసేస్తారు. ట్రెక్కింగ్‌కు ఎత్తు పరిమితి ఉంటుంది. అద్దె స్కూటర్ మీద పడితే, ఆ దేశంలో చెల్లే లైసెన్స్ లేకపోతే క్లెయిమ్ రాదు. ఉదాహరణకు రోడ్డు ట్రాఫిక్‌పై కుదిరిన 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చిన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వియత్నాంలో పనికిరాదు, అక్కడ 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చినది కావాలి. యూరప్‌లోని చాలా దేశాలకు ఒకటే సరిపోయే షెంజెన్ వీసాకు అడిగే 30,000 యూరోల కవరేజీ వీసా కోసం పెట్టిన కనీస షరతు మాత్రమే. తీవ్రంగా గాయపడినవాళ్లను విమానంలో ఇంటికి చేర్చాలంటే అది చాలకపోవచ్చు.

మరి లోటు ఎలా పూడ్చాలి? ప్రయాణాన్నే కుదించండి. ఏడు దేశాల బదులు సరిహద్దులు కలిసే నాలుగు పెట్టుకుంటే విమానాలు, వీసా ఫీజులు తగ్గుతాయి. ఒక్కోచోట నెల ఉంటే బస నెలవారీ ధరకు దొరుకుతుంది. టికెట్లు, వీసాలు, బీమా, టీకాల ఖర్చు నెలలు తగ్గించినంత మాత్రాన అదే నిష్పత్తిలో తగ్గదు కాబట్టి, ముందు దేశాలు తగ్గించి, తర్వాత నెలలు తగ్గించండి. మీ అత్యవసర నిధి పైన చెప్పిన రెండు భాగాలకూ సరిపోతే, మీ 60 శాతంతో నాలుగున్నర, ఐదు నెలలు తిరగొచ్చు. లేదంటే ప్రయాణం వాయిదా వేసి దాచుకోండి. బసకు డబ్బు కట్టే బదులు అక్కడే పనిచేసే పద్ధతి ఉంది కానీ, టూరిస్టు వీసా మీద చాలా దేశాల్లో అదీ ఉద్యోగం కిందే లెక్క.

చివరగా, నిధిని విడి ఖాతాలో ఉంచి, దాని కార్డును రోజువారీ పర్సులో పెట్టకండి. ఆ ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబర్ విదేశాల్లో ఎస్సెమ్మెస్ అందుకునేలా రోమింగ్ ఆన్ చేయించుకుని, బయల్దేరిన వారంలోనే చిన్న మొత్తం ఒకటి బదిలీ చేసి చూడండి. ఓటీపీ రాకపోతే, ఖాతాలో ఎంతున్నా ఆసుపత్రి కౌంటర్ దగ్గర మీరు కట్టగలిగేది సున్నా.