పిల్లల పోషణకు ఇచ్చే చందా నిజంగా బిడ్డ కడుపులోకి చేరుతుందా? గుణుపురం నుంచి నా అనుభవం

నెలకు వెయ్యి రూపాయలు ఇవ్వగలను, ఆఫ్రికాలో పిల్లలకు తిండి పెట్టే సంస్థకు పంపనా, మన దగ్గరే ఇవ్వనా అని ఒకరు నన్ను అడిగారు. నేను ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురంలో ఉంటాను. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. ఆరేళ్లుగా ఒక చిన్న సంస్థ తరఫున వారానికి రెండు రోజులు కొండ ఊళ్లకు వెళ్లి, పిల్లలు తిండి చాలక చిక్కిపోయారేమో తెలుసుకోడానికి టేపుతో జబ్బ చుట్టుకొలత కొలుస్తున్నాను.

టేపు 11.5 సెంటీమీటర్ల లోపు చూపిస్తే ఎరుపు, ప్రాణం మీదికొచ్చినట్టే. 12.5 లోపు పసుపు. దాంతోపాటు రెండు పాదాల మీదా బొటనవేలితో నొక్కి మూడు లెక్కపెడతాం. గుంట పూడకపోతే తిండి చాలక ఒంట్లో నీరు చేరినట్టు. అలాంటి బిడ్డ బొద్దుగా కనిపిస్తుంది. "మావాడికేం, బుగ్గలు చూడమ్మా" అంటుంది నాయనమ్మ. అదే నాకు అన్నిటికన్నా భయం.

మొదటి ఏడాది చూసిన ఒక పాపను మరిచిపోలేను. పద్నాలుగు నెలలు, టేపు 11.2. ఆ ఇంట్లో చోళ్లు (రాగులు) ఉన్నాయి. అంగన్‌వాడీ ఇచ్చిన ఛతువా (పిల్లలకిచ్చే పోషక పిండి) పాకెట్టు దూలానికి వేలాడుతోంది. తల్లి తెల్లారకుండానే పోడుకు పోతుంది, ఏడేళ్ల అక్క చంకనేసుకుని తిరుగుతుంది. తను తాగే పలచటి అంబలే చెల్లికీ తాగిస్తుంది. ఆ వయసు పొట్ట గుప్పెడంత. రోజుకు నాలుగైదుసార్లు, చిక్కగా, చెంచాడు నూనె వేసి పెడితేగాని ఒంటబట్టదు. మూడేళ్లు దాటిన పిల్లలు అంగన్‌వాడీలో కూర్చుని తింటారు. అంతకన్నా చిన్నవాళ్ల వాటా ఇంటికి వెళ్తుంది, ఇంటికెళ్లాక ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. పగటిపూట ఆ పాపకు పెట్టే మనిషే లేదు.

తర్వాత మా సంస్థ ఆ ఊళ్లోనే ఇద్దరు ఆడవాళ్లను జీతానికి పెట్టి, ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లలను పగలంతా చూసుకునే ఏర్పాటు చేసింది. కిచిడీ, గుడ్డు, చోడి జావ, కొలతలు, అంతే. నాలుగు నెలలకు ఆ పాప టేపు 12.6కి వచ్చింది. అక్క బడికి వెళ్లింది.

అదే ఊళ్లో అంతకుముందు ఎవరో వచ్చి పాలపొడి డబ్బాలు పంచి, ఫొటోలు తీసుకుని వెళ్లారు. గెడ్డ (వాగు) నీళ్లలో కలిపి పట్టేసరికి పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. పసిబిడ్డల తల్లులకు డబ్బా పాలు ఉచితంగా పంచకూడదని 1992 నుంచీ చట్టం ఉంది. మంచి మనసుతో చేసినా సరే, ఇది చెయ్యొద్దు.

విదేశాల సంగతికొస్తే, కరువులో, యుద్ధంలో ఉన్న చోట్లకు వెళ్లే వేరుశనగ ముద్ద పాకెట్టు ప్రాణాలు నిలబెట్టిన మాట నిజం. 1996లో ఫ్రాన్సులో తయారైంది. 92 గ్రాములు, 500 కేలరీలు. నీళ్లు కలపక్కర్లేదు, అదే దాని గొప్ప. 2005లో నైజర్ దేశపు కరువులో వేల మంది పిల్లలకు దాంతోనే వైద్యం చేశారు. వేరే జబ్బు లేని బిడ్డను ఇంటి దగ్గరే బాగుచేయొచ్చని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి చెప్పాయి. అలాంటి సంస్థకు పంపితే తప్పేం లేదు. కాని అక్కడైనా వారం వారం టేపు పట్టుకుని వచ్చే మనిషి ఉండాలి. మన దేశంలోనే, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే నేర్పించి, పురిటి బిడ్డలను ఇంటి దగ్గరే కాపాడి చూపించారు.

చాలామంది "జీతాలకు ఎంత పోతుంది?" అని అడిగి, ఎక్కువని తెలిస్తే మానేస్తారు. నాకు బాధేస్తుంది. ఈ పనిలో ఆ జీతమే బిడ్డకు తిండి పెడుతుంది. మీరు ఎవరికిచ్చినా ఇలా అడగండి: ఎరుపు వచ్చిన బిడ్డను మళ్లీ ఎన్ని రోజులకు చూస్తారు, ఎవరు వెళ్తారు?

ఒకసారి మాకు రెండు నెలలు చందా ఆగింది. మళ్లీ కొలిచేసరికి ముగ్గురు పిల్లలు పసుపులోకి జారారు. అందుకే ఏడాదికోసారి పన్నెండు వేలు కాకుండా, ఆ వెయ్యి నెలనెలా వెళ్లేలా చూడండి.