పిల్ల పాము, వణికే చెయ్యి

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. అది పట్టు పడితే మూడు వారాల క్రితం కార్న్ స్నేక్ పిల్లను తెచ్చాం. అడుగు పొడవు కూడా లేదు. ఇప్పటికి రెండుసార్లు పింకీ (వెంట్రుకలు రాని ఎలుకపిల్ల) తింది. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే తోక గలగలలాడించి, మెడ వంచి మీదికి దూకుతోంది. అమ్మాయికి భయం లేదు, నాకే చెయ్యి వణికి వెనక్కి లాక్కుంటున్నాను. ఎలా అలవాటు చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ఆ లాక్కోవడం దగ్గరే చిక్కుంది. ఈ పాముకి విషం లేదు. మన జెర్రిపోతులాగే ఎలుకలు తిని బతికే జాతి. కానీ పిల్లగా ఉన్నన్నాళ్లూ గద్దలాంటివి పైనుంచి వచ్చి తన్నుకుపోతాయి. తలమీద ఆగి, వణికి, వెనక్కి పోయి మళ్లీ వచ్చే చెయ్యి దానికి అచ్చం గద్దే. పైగా దూకితే చెయ్యి పారిపోతుందని మీరే దానికి నేర్పుతున్నారు! రాత్రిపూట పాము అనకుండా ‘పురుగు’ అనే ఇళ్లలో పెరిగిన మనకి వణుకు రావడం వింతేం కాదు. అది పోయేదాకా ఆగక్కర్లేదు, చెయ్యి వెళ్లే దారి మారిస్తే చాలు.

ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఎలుక వాసన ఉంటే వేలు మేతలా అనిపిస్తుంది. తలుపు మూసి, నేలమీదో మంచంమీదో కూర్చోండి. జారినా ఎత్తునుంచి పడదు. అది దాక్కున్న గూడు తీసి, చుట్టిన కాగితంతో నడుం దగ్గర మెల్లగా తాకండి. వచ్చింది మేత కాదని దానికి తెలుస్తుంది. ఆపైన పక్కనుంచి, నేలబారుగా చెయ్యి పోనిచ్చి, వేళ్లు నడుం కింద దూర్చి ఒక్క కదలికలో ఎత్తండి. మధ్యలో ఆగొద్దు. తోక పట్టి లేపకూడదు, మెడ నొక్కకూడదు. పైకి వచ్చాక బిగించి పట్టుకోకుండా, ఒక చేతిమీంచి పాకుతుంటే రెండో చెయ్యి ముందు పెడుతూ పోండి.

మొదటి వారం రెండుమూడు సార్లు, అయిదేసి నిమిషాలు చాలు. తర్వాత పది, పదిహేను నిమిషాలకు పెంచవచ్చు. అది కాస్త నెమ్మదించాకే లోపల పెట్టండి. కొట్టుకుంటున్నప్పుడు వదిలేస్తే కొట్టుకుంటే వదిలేస్తారని నేర్చుకుంటుంది. మేత తిన్న 48 గంటలు ముట్టుకోవద్దు. కళ్లు పాలనీలంగా మసకబారితే చూపు సరిగా ఆనదు, కుబుసం విడిచేదాకా ఆగండి.

కరిస్తే? గుండుసూదితో గీరినట్టుంటుంది. పళ్లు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి చెయ్యి లాగితేనే ఎక్కువ గీరుకుంటుంది. కదలకుండా ఉంటే అదే వదులుతుంది. సబ్బుతో కడిగితే సరి. మరీ బెరుకైతే నాలుగు రోజులు పల్చటి నూలు గ్లౌజులు వేసుకోండి. తోలువి మాత్రం వద్దు, ఎంత గట్టిగా పట్టుకున్నారో తెలియదు. వెనకనుంచి కంపుకొట్టే ద్రవం వదిలినా అది బెదురే, జబ్బు కాదు. దించాక మళ్లీ చేతులు కడగాలి, సాల్మొనెల్లా (కడుపు పాడుచేసే సూక్ష్మజీవి) అంటుకుంటుంది. అయిదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకండి.

ప్రశ్న: మా పిల్ల పాము మేత తిన్న మర్నాడు కక్కేసింది. ఆకలితో ఉంటుందని మా అత్తగారు పాలు పట్టమంటున్నారు.
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: నాగులచవితి భక్తి వేరు, పాము కడుపు వేరు. పాలు అరగవు, గిన్నెలో మంచినీళ్లు ఉంచండి చాలు. కక్కడానికి మామూలుగా మూడు కారణాలు: తిన్న వెంటనే ఎత్తుకోవడం, పెట్టె చల్లగా ఉండటం, మేత లావు కావడం. పెట్టెలో ఒక పక్క 29–31 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి, రెండో పక్క 23–24కి తగ్గాలి. హీట్ మ్యాట్‌కి (పెట్టె అడుగున వేడినిచ్చే చాపకి) థర్మోస్టాట్, అంటే వేడిని అదుపులో ఉంచే పరికరం, లేకపోతే ఈరోజే పెట్టండి. మేత పాము నడుం లావుకు మించకూడదు.

వెంటనే మళ్లీ పెట్టాలని మనసు పీకుతుంది, పెట్టకండి. కడుపులో ఆమ్లాలు, సూక్ష్మజీవులు మళ్లీ కుదురుకోవాలి. 10 నుంచి 14 రోజులు ఆగి, మామూలుకన్నా చిన్న పింకీ ఇవ్వండి. ఫ్రీజర్‌లోదైతే ఫ్రిజ్‌లో కరిగించి, వేడినీళ్లలో వెచ్చచేయాలి. మైక్రోవేవ్‌లో పెడితే పొట్ట పగులుతుంది. పటకారుతో అందించండి. వరసగా రెండు మేతలు నిలిచేదాకా ఎత్తుకోవద్దు. మళ్లీ కక్కితే సరీసృపాలు చూసే డాక్టర్‌కి చూపించాల్సిందే.

ప్రశ్న: తోటలో జెర్రిపోతు పిల్ల దొరికింది. పెంచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం మన దేశపు పామును ఇంట్లో ఉంచుకోవడం నేరం. పైగా అది జెర్రిపోతేనని ఎవరు తేల్చారు? నల్లటి ఒంటిమీద తెల్ల పట్టెలున్న కట్లపాము పిల్లను విషంలేనిదనుకుని చేత్తో పట్టుకునేవాళ్లున్నారు. దాని కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. డబ్బాలో ఉంటే మూత తీయకుండా అటవీ శాఖకో, పాముల్ని కాపాడే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో ఫోన్ చేయండి.