టెక్ సందేహాలు: ఏ స్టార్‌ని నమ్మాలి?

ప్రశ్న: ఏసీ కొందామనుకుంటున్నాం. ఒకదానికి ఆన్‌లైన్‌లో 4.4 స్టార్లు, వేలల్లో రివ్యూలు. కానీ దాని మీద అంటించిన లేబుల్‌లో 3 స్టార్లే. ఇంకోదానికి లేబుల్‌లో 5, రివ్యూల్లో 3.9. ఇంతమంది చెప్పింది తప్పవుతుందా అంటాడు మా అబ్బాయి. ఏది కొనమంటారు?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: రెండిటినీ స్టార్లనే అంటాం గానీ వాటి మధ్య చుట్టరికం ఏమీ లేదండీ. లేబుల్ మీదవి కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ప్రమాణాల ప్రకారం, ల్యాబ్ పరీక్షల లెక్కతో వచ్చినవి. గదిలోంచి ఎంత వేడి లాగింది, అందుకు ఎంత కరెంటు తాగింది అన్నదే అక్కడ ప్రశ్న. ఏడాదికి 1600 గంటలు వాడితే ఎన్ని యూనిట్లు కాలుతాయో కూడా లేబుల్ మీదే ఉంటుంది. ఒకే టన్నేజీ ఉన్న రెండు ఏసీల యూనిట్ల మధ్య తేడా కట్టి, మీ కరెంటు బిల్లులోని పై స్లాబు రేటుతో గుణించండి. అదే ఏడాదికి మిగిలే డబ్బు. ధరలో తేడాను దాంతో భాగిస్తే, అది ఎన్నేళ్లకు తిరిగొస్తుందో తెలిసిపోతుంది. లేబుల్ ఏ కాలానిదో కూడా చూడండి. 2022 జులైలో ప్రమాణాలు పెంచినప్పుడు అప్పటిదాకా 5 స్టార్‌గా ఉన్న మోడళ్లు 4కి దిగాయి.

ఇక ఆన్‌లైన్ స్టార్లు. చాలామంది సరుకు ఇంటికొచ్చిన వారంలోనే రాసేస్తారు. ఫిటింగ్‌కి మనిషి ఆలస్యంగా వస్తే 1, డెలివరీ బాయ్ మర్యాదగా మాట్లాడితే 5. ఏసీ పాపం మధ్యలో ఉంటుంది. జనం మెచ్చిన మిక్సీ అని నేనూ ఒకటి కొన్నాను. మొదటిసారి గారెలకు మినప్పప్పు వేసేసరికి కాలిన వాసన. ఆ మెచ్చినవాళ్లలో పప్పు రుబ్బినవాళ్లు ఎందరో మరి! డబ్బులిచ్చి రాయించే రివ్యూల గొడవ ముదిరాకే 2022 నవంబరులో మన దేశంలో ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చారు. అయితే దాన్ని పాటించడం స్వచ్ఛందమన్నారు.

అలాగని జనం మాట కొట్టిపారేయకండి. రెండో వేసవికి గ్యాస్ లీకైందా, పీసీబీ (లోపలి సర్క్యూట్ బోర్డు) పోయిందా, మీ ఊళ్లో సర్వీసు మనిషి ఎన్నాళ్లకు వస్తాడు – ఇవి ల్యాబ్‌కి తెలియవు, వాడినవాళ్లే చెప్పాలి. ఏడాది దాటాక రాసిన 2, 3 స్టార్ల రివ్యూలు చదవండి. వాటిలో అలాంటి ఫిర్యాదులు పెద్దగా లేకపోతే మీకు లేబుల్‌లో 5 ఉన్నదే నయం.

ప్రశ్న: ఫోన్ నీళ్లలో పడింది. బియ్యం డబ్బాలో పెట్టమని లక్షలమంది చూసిన వీడియోలో చెప్పారు. షాపతను వద్దంటున్నాడు.
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: షాపతని మాటే వినండి. బియ్యం నూక పోర్టులోకి పోతే ఫోన్ పాడవ్వొచ్చని, అలా చేయొద్దని యాపిల్ కంపెనీయే తన ఫోన్ల గురించి రాసింది. ఆఫ్ చేసి, పోర్టు కిందకి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టండి. గాలి తగిలేచోట ఆరనివ్వండి. తడి ఉండగా చార్జర్ పెట్టొద్దు. బియ్యం అన్నానికి ఉంచండి.

ప్రశ్న: ఎక్స్‌లో (పాత ట్విట్టర్‌లో) పోస్టుల కింద తప్పులు ఎత్తిచూపుతూ కనిపించే కమ్యూనిటీ నోట్ రాసేది నిపుణులా, మనలాంటివాళ్లా? ఎక్కువ ఓట్లు పడితే అబద్ధం నిజమైపోదా?
– రిటైర్డ్ టీచర్, కరీంనగర్

జవాబు: మనలాంటివాళ్లేనండీ. 2021లో బర్డ్‌వాచ్ పేరుతో మొదలైంది. కాకపోతే అది చేతులెత్తించి లెక్కపెట్టడం కాదు. మామూలుగా ఒకరితో ఒకరు ఏకీభవించని రెండు రకాలవాళ్లూ ‘ఇది పనికొచ్చే నోట్’ అంటేనే అందరికీ కనిపిస్తుంది. కాబట్టి ఒక వర్గం వాళ్లు గుంపుగా వచ్చి గెలవడం కష్టం. చిక్కల్లా జనం రెండుగా చీలిన విషయాల్లోనే. అక్కడ నోట్ ఎంత సరైనదైనా బయటికి రాకుండా ఆగిపోవచ్చు. వచ్చినా, అప్పటికే పోస్టు ఊరంతా తిరిగేసి ఉంటుంది. ఫేస్‌బుక్ సొంతదారు మెటా కూడా 2025 జనవరిలో అమెరికాలో ఫ్యాక్ట్‌చెక్ సంస్థలను పక్కనపెట్టి ఈ దారే పడతానని ప్రకటించింది. నాకైతే రెండూ ఉంటేనే మేలనిపిస్తుంది.

నోట్‌లో ఇచ్చిన లింకు తప్పక తెరవండి. అది ప్రభుత్వ పత్రానికో పరిశోధనకో వెళ్తుందా, ఇంకెవరి పోస్టుకో వెళ్తుందా చూడండి. మీ ఫ్యామిలీ గ్రూపులో వచ్చే వాట్సాప్ ఫార్వర్డ్‌ల కింద మాత్రం ఏ నోటూ రాదు. అక్కడ ఆ పని మీరే చేయాలి, మాస్టారూ.