అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నా షుగర్ ఎందుకు తగ్గడం లేదు?

మహబూబ్‌నగర్‌లో మా పక్కింటి పెద్దమ్మదీ ఇదే బాధ. రొట్టెలో పిండిపదార్థం ఉండదనుకోవడమే అసలు పొరపాటు. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 78 గ్రాములుంటే, జొన్నపిండిలోనూ 70 గ్రాముల వరకు ఉంటుంది. పీచు ఎక్కువ కాబట్టి చక్కెర కాస్త నిదానంగా రక్తంలో చేరుతుంది, అంతే. మూడు రొట్టెలు తింటే లెక్క మూడింతలే. గటక (జొన్నరవ్వతో కాచే జావ) తాగినా అది లెక్కలోకి వస్తుంది. ఒకటి రెండు రొట్టెలతో ఆపి పప్పు, గోంగూర, చిక్కుడుకాయ కూర నిండుగా వడ్డించుకోండి. తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకుంటే మీ ఒంటికి ఎంత సరిపడుతుందో తెలుస్తుంది. ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతుంటే మాత్రం వైద్యుణ్ణి అడగకుండా తిండి ఒక్కసారిగా తగ్గించకండి, చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది.